పదిహేను రోజుల్లో పోవాలి: మరణం పక్కన నవ్వుకు చోటెక్కడిది?

కాశీలో ఒక సత్రం. అక్కడ గది దొరకాలంటే ఒకటే అర్హత, చనిపోవడానికి వచ్చి ఉండాలి. గడువు పదిహేను రోజులు. ఆలోపు పోతే సరే, పోకపోతే మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టాలి. 2016లో వెనిస్ చలనచిత్రోత్సవంలో మొదటిసారి చూపించిన 'ముక్తి భవన్' అనే హిందీ సినిమాలో కథా, హాస్యం, దుఃఖం అన్నీ ఈ ఒక్క నిబంధన చుట్టూనే తిరుగుతాయి. దర్శకుడు శుభాశిష్ భూటియానీకి అప్పటికి పాతికేళ్లు. చావు గురించి పాతికేళ్ల కుర్రాడికి ఏం తెలుసని ఎవరైనా అడగొచ్చు. ఇంకో నలభై ఏళ్లు ఆగి తీసుంటే మాత్రం ఇంత తేలిగ్గా తీసేవాడు కాదేమో అని నా అనుమానం.

ఈ గడువు రచయిత ఊహించి రాసింది కాదు. 1958 నుంచి నడుస్తున్న కాశీ లాభ్ ముక్తి భవన్‌లో రెండు వారాల నియమం నిజంగానే ఉంది. కాశీలో ప్రాణం పోతే మరో జన్మ ఉండదన్న నమ్మకంతో, చివరి రోజుల్లో ఉన్నవాళ్లను అక్కడికి తీసుకొస్తారు. ఉన్నవి కొద్ది గదులు, వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, కాబట్టి గడువు. సత్రం నడిపేవాళ్ల వైపు నుంచి చూస్తే పూర్తిగా సబబైన నియమం. మంచం మీదున్న మనిషి వైపు నుంచి చూస్తే ఇంతకంటే విడ్డూరం లేదు. ఈ రెండూ ఒకేసారి నిజం కావడంలోనే సినిమా తన హాస్యాన్ని వెతుక్కుంది.

కథ చిన్నది. (చివరిదాకా చెప్పేస్తున్నాను. ముందు సినిమా చూడాలనుకునేవాళ్లు చూసొచ్చి చదవండి.) డెబ్బై ఏడేళ్ల దయాకు ఒక కల వస్తుంది. తన సమయం దగ్గరపడిందని ఆయన తేల్చేసుకుంటాడు. రాత్రి భోజనాల దగ్గర, కాశీ వెళ్లిపోతానని ప్రకటిస్తాడు. ఫలానా జబ్బని ఏమీ లేదు. ఆఫీసులో టార్గెట్లు, ఇంట్లో కూతురి పెళ్లి, రెండూ నెత్తిమీదున్న కొడుకు రాజీవ్ సెలవు పెట్టి తోడు వెళ్లక తప్పదు. తండ్రిగా లలిత్ బెహల్, కొడుకుగా ఆదిల్ హుస్సేన్ వేశారు. ఎన్నాళ్లు సెలవు? ఏ కారణం చెప్పాలి? 'నాన్న ఎప్పుడు పోతాడు' అన్న ప్రశ్నను పైకి అడగలేడు, లోపల అణచుకోనూ లేడు. రాజీవ్ ఫోన్ మోగినప్పుడల్లా నవ్వొస్తుంది, ఎందుకంటే ఆ ఫోన్‌కు అతని దగ్గర జవాబు లేదు, ఉండే అవకాశమూ లేదు.

'చనిపోయేవాళ్లు అన్నీ వదిలిపెట్టి వెళ్లేలా సాయపడే సినిమా' అనగానే మన మనసులో ఒక బొమ్మ గీసుకుంటాం. పోలేక పోతున్న మనిషి, పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలతో ఒప్పించే మరో మనిషి. ఈ తరహా మంచి సినిమాలు చూస్తే ఆ బొమ్మ తలకిందులవుతుంది. దయా ఎప్పుడో వదిలేశాడు. వదల్లేనిది రాజీవ్. సాయం అవసరమైనది అతనికి. నవ్వు పుట్టేదీ అతని దగ్గరే. నా మటుకు ఈ తరహా సినిమాల కీలకమంతా ఇక్కడే ఉంది.

నవ్వు ఎవరి మీద

మన అలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పాతకాలపు పండితులు, ఈ కలయికను ఒప్పుకోలేదు. విశ్వనాథుడి సాహిత్యదర్పణం ఏ రసానికి ఏ రసం పడదో జాబితా వేసింది. అందులో హాస్యానికి భయానకమూ కరుణమూ రెండూ శత్రువులే. ఒకదాని పక్కన ఇంకోటి పెడితే రెండూ చెడతాయని లెక్క. నిజానికి చాలా సినిమాల్లో అదే జరుగుతుంది. చావు సీను ముగిసీ ముగియగానే కమెడియన్ దూరితే మనకు ఒళ్లు మండుతుంది.

ఈ చిక్కులోంచి బయటపడే దారి కూడా మన శాస్త్రంలోనే ఉంది. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు మెట్లుగా విడదీశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. పళ్లు కనపడని చిరునవ్వు మొదటిది, పొట్ట పట్టుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వేది చివరిది. మరణం పక్కన పనికొచ్చేది మొదటి రెండు మెట్లే. 'ముక్తి భవన్' ఎక్కడా మూడో మెట్టు ఎక్కదు. సత్రం మేనేజరు మిశ్రా పదిహేను రోజులూ అయిపోయాక దయాను బయటికి పంపడు, ఇంకో పేరుతో మళ్లీ చేర్చుకుంటాడు. ఇంకో దర్శకుడైతే ఈ దొంగ పేరు మీద ఒక పెద్ద కామెడీ ట్రాక్ నడిపేవాడు. ఇక్కడ రెండు మాటల్లో అయిపోతుంది. రిజిస్టర్ నియమం రిజిస్టర్‌లో భద్రంగా ఉంది, మనిషి గదిలో ఉన్నాడు.

అలంకారికులు ఒప్పుకున్నా లేకున్నా కథలు చెప్పేవాళ్లు ఈ కలయికను ఎప్పుడూ వదల్లేదు. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడి కథ చూడండి. తెలుగులో ఆ స్కంధాన్ని చెప్పింది ఏర్చూరి సింగన. అజామిళుడు జీవితమంతా చేయకూడని పనులే చేశాడు. ప్రాణం పోయే వేళ యమభటులను చూసి హడలిపోయి, ముద్దుల చిన్నకొడుకును పేరు పెట్టి పిలిచాడు. ఆ పిల్లాడి పేరు నారాయణ. అంతే, విష్ణుదూతలు దిగిపోయారు. యమభటులేమో ఈయన పాపాల చిట్టా విప్పి వాదన మొదలుపెడతారు. భక్తి సంగతి పక్కన పెట్టి కథగా చూస్తే ఎంత చమత్కారం! చివరి క్షణంలో మమకారాన్ని వదిలిపెట్టలేకపోవడమే ఆయన్ని కాపాడింది. పైగా అప్పటికి ఆయన చావనూ లేదు. బతికి, బుద్ధి తెచ్చుకుని, గంగ ఒడ్డుకు వెళ్లి తీరిగ్గా పోయాడు.

మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ 1927లో హాస్యం మీద రాసిన చిన్న వ్యాసంలో ఒక ఉదాహరణ ఇస్తాడు. సోమవారం పొద్దున ఒక నేరస్థుణ్ణి ఉరికంబానికి తీసుకెళ్తుంటే, 'వారం బాగానే మొదలైంది' అంటాడతను. ఆ మాట పోబోయేవాడి నోట వచ్చింది కాబట్టి హాస్యమైంది. అదే మాట జైలరు అనుంటే? ఈ సినిమాల్లో నడిచే అసలు నియమం ఇదే, అదీ చాలా కఠినంగా నడుస్తుంది. చనిపోయే మనిషి తనమీద తాను జోకు వేసుకోవచ్చు, పక్కవాళ్లను ఆటపట్టించవచ్చు. పక్కవాళ్ల హడావుడి, బడాయి, మొహమాటం, లెక్కలు అన్నిటి మీదా మనం నవ్వుకోవచ్చు. బాధ మీద మాత్రం నవ్వకూడదు. మణిరత్నం 'గీతాంజలి'ని (1989) ఈ నియమంతో చూడండి. హీరో హీరోయిన్లిద్దరికీ చావు దగ్గరలోనే ఉందని తెలిశాక కూడా ఆ పిల్ల అల్లరి మనల్ని నవ్విస్తుంది, ఎందుకంటే ఆ అల్లరి ఆమెది. చావును వాళ్లిద్దరూ మోస్తారు, భయాన్ని చుట్టూ ఉన్నవాళ్లు మోస్తారు.

గడువు పెట్టింది ఎవరు, పాటించేది ఎవరు

పరీక్షిత్తుకు శాపం ప్రకారం ఏడు రోజులు. ఆయనకున్న వెసులుబాటు ఆ గడువు కచ్చితం కావడమే. ఏడో రోజున తక్షకుడు వస్తాడు, అందులో సందేహం లేదు. కాబట్టి రాజ్యం అప్పగించి గంగ ఒడ్డున కూర్చుని శుకుడు చెప్పేది వినగలిగాడు. మనబోటి వాళ్లకు అంత అదృష్టం లేదు. డాక్టరు 'రెండు నెలలు' అంటాడు. ఆ మాటకు ఎంత విలువ?

దీని మీద మంచి పరిశోధనే ఉంది. 2000లో క్రిస్టాకిస్, లామాంట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు షికాగో ప్రాంతంలో హాస్పిస్ (చివరి దశలో ఉన్నవాళ్లను చూసుకునే) సంరక్షణలోకి వచ్చిన 468 మంది రోగుల విషయంలో, వాళ్లను పంపిన డాక్టర్లు ఎన్నాళ్లు బతుకుతారని అంచనా వేశారో, నిజంగా ఎన్నాళ్లు బతికారో పోల్చి చూశారు. అంచనా సుమారుగానైనా సరిపోయింది ఐదుగురిలో ఒకరి విషయంలోనే. 63 శాతం అంచనాలు ఉన్నదానికంటే ఎక్కువ ఆశ చూపించాయి. మొత్తం మీద డాక్టర్లు చెప్పిన కాలం నిజంగా బతికిన కాలానికి ఐదు రెట్లు. ఇందులో నాకు నచ్చిన విషయం ఇంకోటుంది. డాక్టరుకూ రోగికీ ఎంత పాత పరిచయముంటే అంచనా అంత తప్పింది. మనిషి మీద అభిమానం పెరిగేకొద్దీ లెక్క దారి తప్పుతుందన్నమాట. ఒక్క ముక్కలో చెప్పాలంటే డాక్టరు కూడా వదిలిపెట్టలేని వాళ్లలో ఒకడే.

సినిమాలో అబద్ధపు హెచ్చరిక సీను అందుకే అంత నిజంగా అనిపిస్తుంది. దయాకు జ్వరం ముదురుతుంది. ఇదే చివరి రాత్రి అనుకుంటారు. తండ్రీకొడుకులు ఎన్నో ఏళ్లుగా అనుకోని మాటలు అనుకుంటారు, పాత కోపాలు కరుగుతాయి. తెల్లారేసరికి ముసలాయన శుభ్రంగా లేచి కూర్చుంటాడు. రాజీవ్‌కు సంతోషమా, విసుగా, సిగ్గా? మూడూ. అంత గొప్ప వీడ్కోలు చెప్పుకున్నాక ఆ మనిషితో మళ్లీ మామూలు రోజు గడపడం ఎంత ఇబ్బందో ఆదిల్ హుస్సేన్ ఒక్క డైలాగు లేకుండా చూపిస్తాడు.

చివరి రోజుల్లో ఉన్న మనిషి పక్కన కూర్చున్నవాళ్లకు ఈ దోబూచులాట తెలిసే ఉంటుంది. చివరి గంటల్లో ఊపిరి లయ మారుతుంది. లోతుగా, వేగంగా నడుస్తూ నడుస్తూ నెమ్మదించి ఆగిపోతుంది. గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మళ్లీ ఊపిరి మొదలవుతుంది. దీన్ని వైద్యంలో చెయిన్-స్టోక్స్ శ్వాస అంటారు. గొంతులో గరగర కూడా వినిపిస్తుంది. మింగలేక అక్కడే నిలిచిన స్రావాల శబ్దమది. వినేవాళ్లకు భయంగా ఉంటుంది కానీ అప్పటికే స్పృహ తగ్గిన మనిషికి దానివల్ల ఇబ్బంది ఉండదనే పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సంరక్షణ) డాక్టర్లు చెబుతారు. చాలా సినిమాలు ఈ రెండిటినీ ఎత్తేసి, ఒక ముఖ్యమైన వాక్యం సగంలో ఉండగా తల పక్కకు వాల్చేస్తాయి. అలా పోయేవాళ్లు బహు తక్కువ.

'ఇక వెళ్లు నాన్నా' అంటే వెళ్తారా

కొడుకు అమెరికా నుంచి వచ్చేదాకా ప్రాణం ఉగ్గబట్టుకుని ఉందనీ, చేతిలో చెయ్యి పెట్టగానే పోయిందనీ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక కథ ఉంటుంది. దీనికి ఎదురు కథ కూడా ఉంటుంది. మూడు రోజులు కదలకుండా కూర్చున్నాం, ఐదు నిమిషాలు బయటికెళ్లి వచ్చేసరికి పోయారు. 'ముక్తి భవన్' రెండోదాన్ని ఎంచుకుంది. దయా తనే కొడుకును ఇంటికి వెళ్లిపొమ్మంటాడు. రాజీవ్ వెళ్లిన తర్వాతే ఆయన పోతాడు.

నిజంగా మనిషి తన చావును కొద్దిరోజులు వాయిదా వేసుకోగలడా? భీష్ముడికైతే ఇచ్ఛామరణ వరం ఉంది, ఉత్తరాయణం దాకా అంపశయ్య మీద ఆగాడు. మామూలు మనుషుల సంగతి తేల్చాలని పండగలు, పుట్టినరోజుల చుట్టూ మరణాలు లెక్కపెట్టిన పరిశోధకులున్నారు. మొదట్లో వచ్చిన కొన్ని చిన్న అధ్యయనాల్లో పండగ ముందు చావులు తగ్గి, తర్వాత పెరిగినట్టు కనిపించింది. 2004లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పన్నెండేళ్ల రికార్డులు తీసుకుని, మూడు లక్షలకు పైగా క్యాన్సర్ మరణాలను పరిశీలిస్తే అలాంటిదేమీ తేలలేదు. క్రిస్మస్, థాంక్స్ గివింగ్, సొంత పుట్టినరోజు, ఏదీ చావును ఆపలేదు.

మరి ఇన్ని కథలెలా పుట్టాయి? సరిగ్గా కుదిరినవే మనం చెప్పుకుంటాం. కొడుకు విమానం దిగకముందే పోయినవాళ్ల గురించి ఎవరూ కథ చెప్పరు, బాధపడి ఊరుకుంటారు. గది ఖాళీ అయిన ఐదు నిమిషాల్లో పోవడం కూడా చాలావరకు అంతే. మనం ఎన్నిసార్లు బయటికెళ్లి వచ్చామో గుర్తుండదు, ఆ ఒక్కసారే గుర్తుంటుంది. అయితే ఈ అధ్యయనం లక్షల మందిని ఒక కుప్పగా పోసి చూసింది. ఒక గదిలో, ఒక మనిషికి, కొన్ని గంటల తేడా పడిందా లేదా అన్నది ఆ లెక్క చెప్పదు. హాస్పిస్ నర్సులు ఆ కథలను కొట్టిపారేయరు. మీరు లేనప్పుడు పోతే అది మీ తప్పు కాదని ఇంటివాళ్లకు ముందే చెప్పి ఉంచుతారు. లెక్కలకు అందని విషయంలో ఇంతకంటే తెలివైన పని నాకు తోచదు.

సినిమాలో దయా పంపేయడం మిస్టరీ కాదు, మర్యాద. పక్కన కూర్చుని ఎదురుచూసే కొడుకు ముఖంలోని టెన్షన్ ఆయనకు కనిపిస్తూనే ఉంది. భర్తతో వచ్చి, భర్త పోయాక కూడా ఏళ్ల తరబడి అదే సత్రంలో ఉండిపోయిన విమల ఆయన కళ్లముందే పోయింది. ఎవరూ కాచుకు కూర్చోకుండా పోవచ్చని ఆయన చూశాడు. 'నువ్వు వెళ్లు' అన్న మాట మామూలుగా బతికున్నవాళ్లు పోయేవాళ్లకు చెబుతారని అనుకుంటాం. ఇక్కడ పోయేవాడు బతికున్నవాడికి చెప్పాడు. అనుమతి ఇచ్చే చెయ్యి మారింది.

మాట్లాడుకోవడం వల్ల ఉపయోగం లేదని కాదు. అమెరికాలో హాస్పిస్ వైద్యుడు ఐరా బయోక్ చివరి రోజుల కోసం నాలుగే వాక్యాలు సూచించాడు: నన్ను క్షమించు, నిన్ను క్షమించాను, నీకు కృతజ్ఞుణ్ణి, నువ్వంటే నాకు ప్రేమ. ఇవి కాగితం మీద ఎంత తేలికో, తెలుగు తండ్రీకొడుకుల మధ్య నోటితో అనడం అంత కష్టం. మనం ఇవే మాటలను 'తిన్నావా', 'డబ్బులున్నాయా', 'చేరాక ఫోన్ చెయ్' అనే రూపాల్లో అంటాం. రాజీవ్, దయా కూడా దాదాపు అంతే. మనిషి పలకని స్థితికి వచ్చాక కూడా మాట్లాడటం వృథా కాకపోవచ్చు. స్పందన లేని కొందరు హాస్పిస్ రోగుల మెదళ్లు శబ్దాలకు స్పందిస్తూనే ఉన్నాయని 2020లో కెనడా పరిశోధకులు ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే) పరీక్షల్లో గమనించారు. వాళ్లకు అర్థమైందా అన్నది వేరే ప్రశ్న. కాకపోతే ఆ మంచం పక్కన ఆస్తి పంపకాలు మాట్లాడుకునేవాళ్లు కాస్త జాగ్రత్తపడటం మంచిది.

ఇదంతా చావు గురించి పైకి మాట్లాడుకునే కుటుంబం సంగతి. మాట్లాడకూడదని తీర్మానించుకుంటే? లూలూ వాంగ్ 2019లో తీసిన 'ది ఫేర్‌వెల్' దాని మీదే నడుస్తుంది. చైనాలోని చాంగ్‌చున్‌లో ఉండే నాయనమ్మకు ఊపిరితిత్తుల క్యాన్సర్ చివరి దశ. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పరు. ఆఖరిచూపుకు అందరూ రావడానికి ఒక సాకు కావాలి కాబట్టి మనవడికి హడావుడిగా పెళ్లి పెట్టేస్తారు. ఆ పెళ్లి ఏర్పాట్లన్నీ ఉత్సాహంగా చేసేది నాయనమ్మే. ఏడుపు ఆపుకోలేక అవస్థ పడేది మిగతావాళ్లు. నవ్వు మళ్లీ అదే దిక్కున పడింది చూశారా? అమెరికాలో పెరిగిన మనవరాలికి ఇది మోసం, ఇంట్లో పెద్దవాళ్లకు ఇది నాయనమ్మ బరువును తాము మోయడం. ఎవరిది సరైనదో సినిమా తేల్చదు. ఇది దర్శకురాలి సొంత కుటుంబంలో జరిగిన కథ. సినిమా వచ్చేనాటికి ఆ అసలు నాయనమ్మ బతికే ఉంది, అదీ ఈ కథలో చివరి జోకు. నా అభిప్రాయం అడిగితే, ఆమె అడగనంత వరకూ చెప్పకపోవడం ఒకటి, అడిగినా అబద్ధం చెప్పడం ఇంకోటి. సినిమా ఆ రెండో గీతను దాటిన చోట నేను దానితో ఏకీభవించలేకపోయాను.

తెరమీద లేనివి

మెత్తని హాస్యం నిలబడాలంటే కొన్నిటిని ఫ్రేము బయట ఉంచాలి. దయాకు నొప్పి లేదు. పుండ్లు పడవు, పక్కబట్టలు మార్చే అవసరం పెద్దగా రాదు. మామూలు ఇళ్లలో ఆ పనులు మీద పడేది భార్య, కోడలు, కూతురు మీద. రాజీవ్ భార్య లత చాలావరకు ఊళ్లో ఉండి ఫోన్లో మాట్లాడే మనిషిగా మిగిలిపోతుంది. తండ్రీకొడుకుల మధ్య ఇంత తీరిక దొరకడానికి కారణం వెనకాల ఇల్లు నడుపుతున్న ఆమే. సినిమా ఆ సంగతి గుర్తిస్తుంది కానీ దాని దగ్గర ఎక్కువసేపు ఆగదు.

నొప్పి లేకపోవడం ఇంకా పెద్ద సౌకర్యం. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషికి వైరాగ్యం బోధించడం క్రూరత్వం. ఈ మాటను వైద్యంలోకి తెచ్చింది సిసిలీ సాండర్స్. మొదట నర్సు, తర్వాత సామాజిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు అయిన ఆమె 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి చిక్కులు, దేవుడితో తగువు, ఈ నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసి ఒకే నొప్పి అవుతాయనీ, ఒంటి నొప్పిని ముందు తగ్గించకపోతే మిగతావాటి దగ్గరికే వెళ్లలేమనీ ఆమె వాదన. నొప్పి వచ్చాక కాకుండా వేళ తప్పకుండా మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు ఇచ్చే పద్ధతికి ఆమే బలం చేకూర్చింది. మార్ఫిన్ ఇస్తే మనిషి త్వరగా పోతాడన్న భయం మన దగ్గర ఇప్పటికీ గట్టిగానే ఉంది. సరైన మోతాదులో, క్రమంగా పెంచుతూ ఇస్తే అలా జరగదు. మన దేశంలో భయంతోపాటు చట్టం కూడా అడ్డుపడింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆస్పత్రులకు మార్ఫిన్ లైసెన్సులు తెచ్చుకోవడమే ఒక యజ్ఞమైంది. 2014 సవరణతో కొంత సులువైంది.

తిండి సంగతి కూడా ఒక మాట. చివరి రోజుల్లో మనిషి తినడం మానేస్తాడు. తినకపోవడం వల్ల పోతున్నాడని ఇంటివాళ్లు అనుకుంటారు. జరిగేది తిరగబడి ఉంది. ఒళ్లు మూతపడుతోంది కాబట్టి ఆకలి పోయింది. 'ఒక్క ముద్ద, నా కోసం' అని బతిమాలడంలో ఆ ముద్ద ఎవరి ఆకలి తీరుస్తుందో చూస్తే, పట్టుకుని ఉన్నదెవరో మళ్లీ తెలుస్తుంది.

సినిమావాళ్లకు మహా ఇష్టమైన ఐదు దశల సిద్ధాంతం గురించి ఎక్కువ చెప్పను. ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఆ నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, అంగీకారం వరుస అంతిమ దశలో ఉన్న రోగులతో మాట్లాడి గమనించింది. అందరూ ఆ మెట్లు అదే వరుసలో ఎక్కుతారని తేలలేదు. స్క్రీన్‌ప్లేకు మాత్రం ఐదు రీళ్లుగా భలే సరిపోయింది, అందుకే పోవడం లేదు.

ఇంకో అపోహ ఉంది. వదిలిపెట్టడమంటే చికిత్స ఆపి చేతులెత్తేయడమని. 2010లో అమెరికాలో జెనిఫర్ టెమెల్ బృందం ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మామూలు చికిత్స, రెండో జట్టుకు దానితోపాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్. రెండో జట్టులో కుంగుబాటు తక్కువ, చివరి రోజుల్లో దూకుడు చికిత్సలు తక్కువ. అయినా వాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం (జట్టులో సగం మంది దాటిన కాలం) 11.6 నెలలు, మొదటి జట్టుది 8.9. ఒకే ఆస్పత్రిలో, ఒకే జబ్బు మీద జరిగిన ప్రయోగం కాబట్టి అన్ని జబ్బులకూ ఇదే వర్తిస్తుందని చెప్పలేం. కానీ 'వదిలేస్తే త్వరగా పోతారు' అన్నదాన్ని గుడ్డిగా నమ్మడానికి మాత్రం ఇక వీల్లేదు.

భోజనాల బల్ల నుంచి నోటరీ దాకా

దయా ఒక పని చాలా తేలిగ్గా చేసేశాడు. మాట పలికే శక్తి ఉన్నప్పుడే, ఇంట్లో అందరూ వింటుండగా, ఎక్కడ ఎలా పోవాలనుకుంటున్నాడో చెప్పాడు. ఐసీయూలో గొట్టాల మధ్య పడుకున్న మనిషికి ఆ అవకాశం ఉండదు. అక్కడ 'వెంటిలేటర్ పెట్టాలా, తీయాలా' అనే ప్రశ్న కారిడార్‌లో నిలబడ్డ ముగ్గురు కొడుకులు, ఇద్దరు అల్లుళ్లు, ఫోన్లో ఉన్న ఒక మేనమామ కలిసి తేల్చాలి. తీయమన్నవాడు చెడ్డవాడవుతాడు కాబట్టి ఎవరూ అనరు.

మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో, కోలుకునే ఆశ లేనప్పుడు ప్రాణాధార చికిత్స వద్దని ముందుగానే రాసి పెట్టుకునే హక్కును గుర్తించింది. దాన్నే లివింగ్ విల్ అంటున్నారు. అప్పుడు పెట్టిన పద్ధతి ఎంత చిక్కుగా ఉందంటే దాన్ని వాడుకోవడం దాదాపు అసాధ్యమైంది. సంతకం ఇద్దరు సాక్షుల ముందు చేయడమే కాదు, దానిమీద జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కూడా ఉండాలి. 2023 జనవరిలో కోర్టు దాన్ని సడలించింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులతోపాటు నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు. అమలు చేసేటప్పుడు ఆస్పత్రిలో ముగ్గురేసి డాక్టర్లతో రెండు బోర్డులు, ఒకదాని తర్వాత ఒకటి, వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం దీనిలోకి రాదు, అది మన దేశంలో నేరమే.

కాగితం ఉన్నా, ఇంట్లోవాళ్లకు దాని సంగతి తెలియకపోతే అది బీరువాలోనే ఉంటుంది. తెలియజేయాలంటే మళ్లీ భోజనాల బల్ల దగ్గరే మొదలుపెట్టాలి. అక్కడ వచ్చే మొదటి జవాబు కూడా అందరికీ తెలిసిందే: 'అన్నం ముందు ఆ అపశకునపు మాటలేంటి?' నాకైతే ఈ తరహాలో తర్వాత రావలసిన సినిమా ఇక్కడే కనిపిస్తోంది. లివింగ్ విల్ రాసుకోవాలని ముచ్చటపడే ఒక ముసలాయన, సాక్షి సంతకం పెట్టమంటే ఒకరి తర్వాత ఒకరు పారిపోయే పిల్లలు, ఇది వీలునామానా కాదా అని తేల్చుకోలేని నోటరీ. తీసేవాళ్లుంటే తీయండి, మొదటి ఆటకే వస్తాను.